ఋతువులకు ముఖాలు దిద్దిన చిత్రకారుడు – ఆర్చింబోల్దో

చిత్రకళలో ప్రతికృతి రచన అతి ప్రాచీనమైన ప్రక్రియ. ఎదుట కూర్చున్న వ్యక్తి కన్ను, ముక్కు, చెక్కిలి ఎలా ఉన్నాయో అలాగే పటం మీద నిలపడం ఆ ప్రక్రియలో చిత్రకారుని ధర్మం. ఆ ధర్మాన్ని క్షుణ్ణంగా ఎరిగి ఉండి కూడా దానిని తలకిందులు చేసిన చిత్రకారుడొకడు పదహారవ శతాబ్దపు ఐరోపాలో ఉన్నాడు. ఆయన చిత్రించిన ముఖంలో ముక్కు స్థానంలో దోసకాయ ఉంటుంది. చెక్కిలి స్థానంలో పీచ్ పండు, కంటిపాప స్థానంలో చెర్రీ పండు ఉంటాయి. పది అడుగుల దూరంలో నిలిచి చూస్తే నవ్వు ముఖంతో ఒక మనిషి కనిపిస్తాడు. రెండడుగుల దూరానికి చేరేసరికి ఆ మనిషి మాయమై బుట్టెడు పండ్లూ కాయగూరలూ మిగులుతాయి. ఈ చిత్రకారుని పేరు జుసెప్పే ఆర్చింబోల్దో. ఆయన ముగ్గురు చక్రవర్తుల కొలువులో ఉన్నాడు. ఆ కొలువులో గౌరవాలన్నీ పొందాడు. మరణానంతరం దాదాపు మూడు శతాబ్దాల పాటు విస్మృతుడయ్యాడు.

ఆర్చింబోల్దో ఇటలీ దేశంలోని మిలాన్ నగరంలో 1526లో జన్మించాడు. తండ్రి బ్యాజో చిత్రకారుడు. మిలాన్ నగర ప్రధాన దేవాలయమైన దువోమో నిర్మాణం అప్పటికి ఒకటిన్నర శతాబ్దాలుగా సాగుతూ ఉంది. తరతరాల శిల్పులకు, చిత్రకారులకు అదే జీవనాధారం. బ్యాజో కూడా ఆ ఆలయ సేవలో ఉన్నవాడే. లియొనార్డో దా విన్చీ తన జీవితంలో అనేక సంవత్సరాలు మిలాన్‌లోనే గడిపాడు. ఆకునూ, అలనూ, వంకరతిరిగిన ముసలి ముఖాన్నీ ఒకే శ్రద్ధతో గమనించి గీసిన ఆ మహనీయుని ప్రభావం అక్కడి చిత్రశాలల మీద బలంగా ఉండేది. ఆర్చింబోల్దో చేతికి కుంచె వచ్చిన వాతావరణం అది.

1549లో ఆయన తండ్రితో కలిసి దువోమో పనిలో చేరాడు. రంగుటద్దాల కిటికీలకు చిత్రాలు సమకూర్చడం ఆయన పని. రంగుటద్దాల కిటికీలో బొమ్మ ఒక్క ముక్కగా ఉండదు. ఎర్రని అద్దపు ముక్క, నీలి ముక్క, పసుపు ముక్క, వేటికవిగా కోసి సీసపు పట్టీలతో కూర్చితేనే ఒక మహాత్ముని రూపం ఏర్పడుతుంది. విడివిడి ఖండాల నుంచి అఖండమైన ఆకృతిని చూడగల దృష్టి ఆయనకు ఈ వృత్తి వల్లనే అలవడిందనుకోవడానికి అవకాశం ఉంది. ఆ తర్వాత మోంజా దేవాలయపు గోడ మీద జుసెప్పే మేదా అనే మరో చిత్రకారునితో కలిసి కుడ్యచిత్రం రచించాడు. 1558లో కోమో దేవాలయానికి చిత్రయవనిక నమూనా గీశాడు. ఇవన్నీ చక్కని చిత్రాలే. అయితే వాటి మీద ఆయన పేరు లేకపోయినా ఎవరూ వెలితి పడరు. ఆ కాలంలో అలా గీయగలవారు ఇటలీలో పదుల సంఖ్యలో ఉన్నారు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన సంవత్సరం 1562. హాబ్స్‌బర్గ్ వంశీయుడైన ఒకటవ ఫెర్డినాండ్ చక్రవర్తి ఆహ్వానం మీద ఆయన వియన్నా చేరాడు. ఫెర్డినాండ్‌కు ఆయన పనితనం కొత్త కాదు. ఆ ప్రభువు 1551లో బొహీమియా రాజుగా ఉన్నప్పుడే ఆర్చింబోల్దో ఆయనకు వంశచిహ్నాలు చిత్రించి ఇచ్చాడు. రాజకుటుంబీకుల ప్రతికృతులు గీయడం వియన్నాలో ఆయనకు అప్పగించిన ఉద్యోగం. రాకుమార్తెల గంభీర వదనాలను, వారి పట్టువస్త్రాల మడతలను ఆయన ఓపికగా గీశాడు. ఆ ఉద్యోగంలో ఆయన ఎంత నమ్మకంగా ఉన్నాడో పాతికేళ్ళ సేవయే చెబుతుంది.

వియన్నా రాజాస్థానం ఆ రోజుల్లో ఒక విచిత్ర ప్రపంచం. ఫెర్డినాండ్ కుమారుడు మాక్సిమిలియన్‌కు వృక్షశాస్త్రం మీద, జంతువుల మీద అపారమైన ఆసక్తి. దూరదేశాల నుంచి మొక్కలనూ గింజలనూ దుంపలనూ తెప్పించి తోటలలో నాటించేవాడు. వింత మృగాలకూ పక్షులకూ ప్రత్యేక శాలలు ఉండేవి. 1552లోనే ఆయన తనతో ఒక ఏనుగును వియన్నాకు తీసుకువచ్చి నగరవాసులను ఆశ్చర్యపరిచాడు. అమెరికా ఖండం జాడ తెలిసి అప్పటికి డెబ్బై సంవత్సరాలే అయింది. అక్కడి నుంచి వచ్చిన మొక్కజొన్న ఐరోపావారి కంటికి ఇంకా కొత్తదనం వీడని ధాన్యం. ఓడలు ప్రతి సంవత్సరం పేరు తెలియని కాయనో, పక్షినో, గవ్వనో మోసుకువస్తున్న ఆ కాలంలో, ప్రపంచం ఎంత పెద్దదో దానిని ఒక క్రమంలో ఎలా ఇమడ్చాలో పండితులకు అంతుపట్టలేదు. ఆ ప్రశ్నకు ఆర్చింబోల్దో చిత్రకారుని పద్ధతిలో సమాధానం వెదికాడు.

1563లో ఆయన నాలుగు ఋతువులను నాలుగు ముఖాలుగా చిత్రించాడు. వీటిలో గ్రీష్మం గురించి కొంత వివరంగా తెలుసుకోవాలి. అది పక్కకు తిరిగి ఉన్న ముఖం. దోసకాయ ముక్కు, పీచ్ పండు చెక్కిలి, బేరిపండు గడ్డం. ఎర్రని చెర్రీ పండ్లు పెదవులు. ఆ పెదవుల నడుమ విచ్చుకున్న బఠాణీ కాయలోని గింజలు పలువరుస. చెవి ఉండవలసిన చోట మొక్కజొన్న కండె. మెడ భాగాన వెల్లుల్లి, వంకాయ. దక్షిణాసియా నేలలో పుట్టి అరబ్బుల ద్వారా పడమటికి చేరిన వంకాయ, అమెరికా నుంచి వచ్చిన మొక్కజొన్న ఆ విధంగా ఒకే ముఖంలో కలుసుకున్నాయి. తల మీద పండ్లూ ఆకులూ కిరీటంలా అమరాయి. గోధుమ గడ్డితో అల్లిన వస్త్రం మీద, రొమ్ము దగ్గర, ఒక ఆర్టిచోక్ మొగ్గ ఆభరణంలా నిలిచింది. ఆ గడ్డి అల్లికలోనే మెడపట్టీ మీద చిత్రకారుని పేరు, భుజం మీద 1563 అనే సంవత్సరం చదువుకోవచ్చు. తన సంతకాన్ని కూడా ఆయన చిత్రానికి వెలుపల ఉంచలేదు.

వసంతం పూల ముఖం. ముక్కు ఒక లిల్లీ మొగ్గ, పెదవులు గులాబీ మొగ్గలు, మెడ చుట్టూ తెల్లని పూల పట్టీ, ఒంటి మీద పచ్చని ఆకుల వస్త్రం. దాని ఎదుట శీతకాలాన్ని నిలిపితే ప్రాణం ఝల్లుమంటుంది. బెరడు చిట్లి బొడిపెలు కట్టిన ముసలి చెట్టు మోడు అది. విరిగిన కొమ్మ ముక్కు. పుట్టగొడుగులు ఉబ్బి వాచిన పెదవులు. ఆకురాలిన రెమ్మలూ ఐవీ తీగలూ జుట్టు. ఒంటికి ఒక గడ్డి చాప. అయినా ఆ మోడు రొమ్ము నుంచి సాగిన చిన్న కొమ్మకు ఒక నిమ్మపండు, ఒక నారింజపండు వేలాడుతూ ఉంటాయి. ఆ చీకటి చిత్రంలో వెలుగు చిందేది ఆ రెండు పండ్లే. ఎముకలు కొరికే చలిలో సైతం కాసే పండు ఒకటి ఉంటుందని గుర్తుంచుకున్నవాడి చూపు అది.

ఈ చిత్రాలలో ఒక నియమం ఉంది. వసంతంలో పూలూ ఆకులే తప్ప పండు ఉండదు. గ్రీష్మంలో ఆ కాలపు పంటలే ఉంటాయి. తనకు నచ్చిన వస్తువును నచ్చిన చోట అతికించే స్వేచ్ఛ చిత్రకారుడు తీసుకోలేదు. పైగా ఏ పండునూ ముఖానికి తగినట్లుగా సాగదీయలేదు, నొక్కలేదు. దోసకాయ దోసకాయగానే ఉండి ముక్కు పని చేస్తుంది. దాని మీది బుడిపెలూ, తొడిమా, నిగనిగా ఏవీ తగ్గవు. అందుకే నేటి వృక్షశాస్త్రజ్ఞులు ఆయన చిత్రాలలోని మొక్కలను పేరుపేరునా గుర్తించగలుగుతున్నారు. ఆయన గీసిన పక్షుల, జంతువుల చిత్రాలు కొన్ని బొలోనియా నగరంలోని ప్రసిద్ధ ప్రకృతి శాస్త్రవేత్త ఉలిస్సే అల్ద్రోవాందీకి చేరాయి. తమాషా బొమ్మలు గీసేవాడిగా మాత్రమే ఆయనను ఎంచేవారు ఈ విషయాన్ని గమనించాలి.

1564లో ఫెర్డినాండ్ మరణించగా మాక్సిమిలియన్ చక్రవర్తి అయ్యాడు. ఋతువులకు తోడుగా ఆర్చింబోల్దో భూమి, జలం, అగ్ని, వాయువు అనే నాలుగు భూతాలను కూడా ముఖాలుగా రచించాడు. పంచభూతాలకు అలవాటుపడిన భారతీయులకు నాలుగే అనడం వింతగా తోచవచ్చు. ప్రాచీన గ్రీకుల సంప్రదాయంలో ఈ లోకానికి మూలద్రవ్యాలు నాలుగే. జలం ముఖమంతా చేపలు, పీతలు, శంఖాలు, పగడాలు. వాటి మధ్య మెడలో మాత్రం ముత్యాల హారం. అగ్ని ముఖానికి మండుతున్న కట్టెలు జుట్టు, తుపాకులూ ఫిరంగులూ దేహం. వాయువు పక్షుల సమూహం. భూమి జంతువుల సమూహం. భూమి చెక్కిలిగా ఆయన ఏనుగును ఎంచుకున్నాడు. సిగ్గు తొణికేది చెక్కిలి మీద గనుక, ఏనుగు సిగ్గరి జంతువని పూర్వులు చెప్పారు గనుక ఆ చోటు దానికి తగిందని ఆయన మిత్రుడు, కవి గ్రెగోరియో కొమానినీ వివరించాడు. ఒక్కొక్క వస్తువు వెనుక ఇంతటి ఆలోచన ఉంది.

1569 నూతన సంవత్సర దినాన ఈ ఎనిమిది చిత్రాలూ మాక్సిమిలియన్‌కు సమర్పితమయ్యాయి. వాటితో పాటు జొవాన్నీ బత్తిస్తా ఫొంతేయో అనే కవి రచించిన లాటిన్ కావ్యం కూడా చక్రవర్తి చేతికి అందింది. ఆ కావ్యం చిత్రాలకు వ్యాఖ్యానం వంటిది. వసంతానికి వాయువు, గ్రీష్మానికి అగ్ని, శరత్తుకు భూమి, శీతకాలానికి జలం జోడు. ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్లు ఈ ముఖాలు జతలు జతలుగా ఎదురెదురుగా చూస్తాయి. ఋతువులు ఏటేటా తిరిగి వస్తాయి, భూతాలకు నాశనం లేదు. అదే విధంగా హాబ్స్‌బర్గుల పాలన కూడా శాశ్వతమని కవి భావం. రోము నగరంలో బృహస్పతి ఆలయానికి పునాది తవ్వుతుండగా ఒక మనిషి తల బయటపడిందనీ, ఆ నగరం లోకానికి తలమానికం కాబోతున్నదనడానికి అది శకునమనీ ప్రాచీన గాథ ఉంది. ఎనిమిది తలలు గీయడంలో ఆ గాథ కూడా స్ఫురిస్తుంది. కాయగూరల బొమ్మ కింద ఇంత రాజనీతి దాగి ఉందని ఎవరూ ఊహించరు. అయినా చక్రవర్తి వాటిని చూసి నవ్వుకున్నాడనడంలోనూ సందేహం లేదు. నవ్వునూ గౌరవాన్నీ ఒకే పాత్రలో అందించడం ఆర్చింబోల్దోకే చెల్లింది. 1571లో రాజకుటుంబపు వివాహం సందర్భంగా వియన్నాలో జరిగిన ఉత్సవాలకు వేషాలనూ ఊరేగింపులనూ ఆయనే రూపొందించాడు. ఆ ఉత్సవంలో మాక్సిమిలియన్ స్వయంగా శీతకాలం వేషం ధరించాడు. ఆ మోడు ముఖం చక్రవర్తికి అవమానంగా తోచలేదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఈ పద్ధతికి మరొక ముఖం కూడా ఉంది. 1566లో ఆయన ఒక న్యాయవేత్త చిత్రం గీశాడు. ఆ ముఖం ఈకలు పీకిన కోడి మాంసంతో, చేపతో కూర్చినది. ఉన్ని కోటు లోపల దేహానికి బదులు కాగితాల కట్టలూ పుస్తకాలూ ఉంటాయి. రోగం వల్ల ముఖం వికృతమైన ఒక ఆస్థాన పండితుని ఇలా గీయమని మాక్సిమిలియనే కోరాడనీ, చూసినవారందరూ ఆ మనిషిని పోల్చుకుని విరగబడి నవ్వారనీ కొమానినీ రాశాడు. రోగపీడితుని మీద నవ్వు నేటి పాఠకునికి కటువుగానే తోస్తుంది. ఆయనదిగా ప్రసిద్ధమైన గ్రంథపాలకుని చిత్రంలో అంత కాఠిన్యం లేదు. తెరచిన పుస్తకం జుట్టు. దుమ్ము దులిపే కుచ్చులు గడ్డం. పుస్తకాల్లో గుర్తుగా పెట్టుకునే కాగితపు పట్టీలు చేతివేళ్ళు. పుస్తకాలను పోగుచేసి చదవడం మరచిన పండితమ్మన్యుని మీద అది చురక అని కొందరి అభిప్రాయం. పుస్తకాలతోనే దేహం నిండిన విద్వాంసునికి అది అభినందన అని మరికొందరి అభిప్రాయం. రెండర్థాలూ ఆ చిత్రంలో ఇమిడి ఉన్నాయి.

రెండర్థాల మాట వచ్చినప్పుడు ఆర్చింబోల్దో తిరగేసి చూసే చిత్రాలను తప్పక పేర్కొనాలి. ఇటలీలోని క్రెమోనా నగరపు ప్రదర్శనశాలలో ఒక చిత్రం ఉంది. నల్లని గిన్నెలో ఉల్లిగడ్డలు, టర్నిప్ దుంపలు, పుట్టగొడుగులు, ఆకుకూరలు ఉన్నాయి. వంటింట్లో కనిపించే దృశ్యమే. ఆ పటాన్ని తలకిందులు చేయగానే గిన్నె టోపీగా మారుతుంది, దుంప ముక్కుగా సాగుతుంది, ఉల్లిగడ్డలు బుగ్గలుగా ఉబ్బుతాయి, ఆకుకూరలు గడ్డంగా వేలాడతాయి. ఎదుట ఒక మొరటు తోటమాలి నవ్వుతూ ఉంటాడు. స్టాక్‌హోమ్‌లో ఉన్న వంటవాని చిత్రం కూడా ఇటువంటిదే. కాల్చిన మాంసం ఉన్న పళ్ళెం మీద మూత తీస్తున్న చేతులు ఒకవైపు నుంచి, ఇనుప టోపీ ధరించిన సైనికుని వంటి మనిషి మరొకవైపు నుంచి కనిపిస్తారు. ఒకే పద్యంలో రామకథనూ భారతకథనూ పలికించిన పింగళి సూరన రాఘవపాండవీయం ఎరిగిన తెలుగువారికి ఈ చమత్కారం అర్థం కావడం కష్టం కాదు. సూరనది కూడా పదహారవ శతాబ్దమే. వీరిద్దరికీ ఒకరి ఉనికి మరొకరికి తెలిసే అవకాశం లేదు. శ్లేష కవి ఒక్క పదాన్ని రెండు విధాలుగా విరిచినట్లు, ఈ చిత్రకారుడు ఒక్క దుంపను రెండు విధాలుగా చూపాడు. అక్షరం మారకుండా అర్థం మారడం శ్లేషకు ప్రాణం. గీత మారకుండా రూపం మారడం ఈ చిత్రాలకు ప్రాణం.

ఆస్థానంలో ఆయన పని చిత్రాలతో ఆగలేదు. ఉత్సవాలకు వస్త్రాలంకరణలు, రథాలు, శిరోభూషణాలు రూపొందించాడు. ఈ నమూనాల సంపుటాన్ని 1585లో చక్రవర్తికి అంకితం చేశాడు. అది నేడు ఫ్లోరెన్స్ నగరంలోని ఉఫ్ఫీజీలో ఉంది. 1582లో పురాతన వస్తువులనూ వింత పక్షులనూ సేకరించే పని మీద జర్మనీకి వెళ్ళివచ్చాడు. రంగులకూ సంగీత స్వరాలకూ సంబంధం కల్పించే ప్రయత్నం కూడా చేశాడు. తెలుపు నుంచి నలుపు వరకు ఛాయలను క్రమంగా పెంచుతూ ఒక్కొక్క ఛాయకు ఒక్కొక్క స్వరాన్ని నిర్ణయించాడు. కాగితం మీది రంగులను చూసి మౌరో అనే ఆస్థాన సంగీతజ్ఞుడు తంత్రీవాద్యం మీద ఆ స్వరాలను పలికించగలిగాడట.

1576లో మాక్సిమిలియన్ మరణించాడు. ఆయన కుమారుడు రెండవ రుడాల్ఫ్ సింహాసనమెక్కి, 1583లో రాజధానిని ప్రాగ్ నగరానికి మార్చాడు. రుడాల్ఫ్ విషాద స్వభావం గలవాడు. రాజ్యవ్యవహారాల కంటే చిత్రాలూ, రత్నాలూ, గడియారాలూ, రసవాదమూ ఆయనకు ప్రీతిపాత్రాలు. ప్రాగ్ కోటలో ఆయన సమకూర్చిన అద్భుత వస్తుసంచయం ఐరోపా అంతటా పేరు పొందింది. అటువంటి ప్రభువుకు ఆర్చింబోల్దో అత్యంత సన్నిహితుడయ్యాడు. 1580లోనే ఆయన వంశచిహ్నానికి అదనపు గౌరవం లభించింది. అయితే వయసు మీదపడుతున్న కొద్దీ చిత్రకారుని మనసు మిలాన్ వైపు లాగింది. స్వదేశానికి వెళ్ళడానికి అనుమతి ఇమ్మని పలుమార్లు వేడుకున్నాడు. ప్రభువు ఒప్పుకోలేదు. అభిమానం కూడా ఒక్కొక్కప్పుడు సంకెల అవుతుంది. చివరకు 1587లో రుడాల్ఫ్ అనుమతించాడు. చిరకాల సేవకు గుర్తుగా 1550 గిల్డర్ల బహుమానం ఇచ్చాడు. మిలాన్ నుంచి కూడా తన కోసం చిత్రాలు గీస్తూ ఉండాలని షరతు విధించాడు.

అదే సంవత్సరం ఆయన తన రూపాన్ని తానే గీసుకున్నాడు. ఇటలీలోని జెనోవా నగరంలో ఉన్న ఆ చిత్రంలో ముఖం, జుట్టు, గడ్డం, దుస్తులు అన్నీ చుట్టలు చుట్టిన కాగితాలే. నుదుటి ముడతలను పరికించి చూస్తే 61 అనే అంకె కనిపిస్తుంది. అది అప్పటి ఆయన వయస్సు. ఇతరుల ముఖాలను పండ్లతో నింపినవాడు తన ముఖానికి మాత్రం రంగూ రుచీ లేని కాగితాన్ని ఎంచుకోవడం గమనించదగినది. ఆ తర్వాత గీసిన మరొక చిత్రంలో నాలుగు ఋతువులూ ఒక్క తలలోనే ఉన్నాయి. అది ఒక ముసలి చెట్టు మోడు. దాని మీద ద్రాక్షలు, చెర్రీలు, యాపిల్ పండ్లు, రొమ్ము దగ్గర పూలు ఉన్నాయి. బెరడు ఒలిచిన ఒక కొమ్మ మీద చిత్రకారుని పేరు ఉంది. ఈ చిత్రాన్ని వాషింగ్టన్ నగరంలోని జాతీయ చిత్రశాల 2010లో సేకరించింది.

షరతు ప్రకారం ఆయన మిలాన్ నుంచి ప్రభువుకు పంపిన చిత్రాలలో 1591 నాటి వెర్తుమ్నుస్ అన్నిటిలోకి గొప్పది. వెర్తుమ్నుస్ ప్రాచీన రోమనుల దేవత. ఋతువుల మార్పుకు, తోటల ఫలసమృద్ధికి అధిపతి. కోరిన రూపం ధరించగలవాడు. ఆ దేవతగా ఆర్చింబోల్దో చిత్రించినది సాక్షాత్తు రుడాల్ఫ్ చక్రవర్తినే. బేరిపండు ముక్కు. యాపిల్ పండ్లు చెక్కిళ్ళు. ఖర్బూజా నుదురు. ఒక కన్ను చెర్రీ, మరొక కన్ను మల్బరీ. బఠాణీ కాయలు కనురెప్పలు. ద్రాక్షగుత్తులూ ధాన్యపు వెన్నులూ కిరీటం. విశాలమైన గుమ్మడికాయ రొమ్ము. దాని మీదుగా యజ్ఞోపవీతంలా ఏటవాలుగా సాగిన పూలమాల. ఋతువుల చిత్రాలలో ముఖాలు పక్కకు తిరిగి ఉంటాయి. ఈ ముఖం మాత్రం సూటిగా ఎదుటివానినే చూస్తుంది.

చక్రవర్తిని గుమ్మడికాయగా గీయడం సాహసమే. న్యాయవేత్త ముఖాన్ని కోడిమాంసంతో కూర్చిన కుంచెయే ఇక్కడ రాజు ముఖాన్ని పండ్లతో కూర్చింది. ఒకచోట అవమానమైనది మరొకచోట స్తుతి ఎట్లా అయింది? దానికి కారణం చిత్రంలోనే ఉంది. ఋతువుల చిత్రాలలో ఏ కాలపు వస్తువు ఆ కాలపు ముఖంలోనే ఉండాలని నియమం పెట్టుకున్నవాడు ఈ చిత్రంలో ఆ నియమాన్ని సడలించాడు. వసంతపు పూలు, వేసవి ధాన్యం, శరత్కాలపు ద్రాక్ష, దుంపలు అన్నీ ఒకేసారి ఒకే దేహంలో పండాయి. అన్ని ఋతువులూ ఒకే సమయంలో ఫలించే కాలం పురాణగాథల్లోని స్వర్ణయుగం ఒక్కటే. రుడాల్ఫ్ ఏలుబడియే ఆ స్వర్ణయుగమని చిత్రకారుని భావన. కొమానినీ రచించిన పద్యం కూడా చిత్రంతో పాటు ప్రాగ్‌కు చేరి ఈ భావాన్ని విప్పిచెప్పింది. విషాదంలో మునిగి ఉండే ఆ ప్రభువు చిత్రాన్ని చూసి ఎంతో సంతోషించాడు. 1592లో ఆర్చింబోల్దోకు కౌంట్ పాలటైన్ అనే ఉన్నత బిరుదు ప్రసాదించాడు. మరుసటి సంవత్సరం, 1593 జూలై 11వ తేదీన, మూత్రపిండ వ్యాధితో ఆర్చింబోల్దో మిలాన్‌లోనే కన్నుమూశాడు.

చిత్రాలు శాశ్వతమన్న రాజ్యాన్ని దురదృష్టం వెంటాడింది. ముప్పై ఏళ్ళ యుద్ధం చివర, 1648లో, స్వీడన్ సైన్యాలు ప్రాగ్ కోటను కొల్లగొట్టాయి. రుడాల్ఫ్ ప్రాణప్రదంగా చూసుకున్న వస్తువులు బండ్లకెత్తబడి ఉత్తరానికి తరలిపోయాయి. ఆర్చింబోల్దో చిత్రాలు కొన్ని నేటికీ స్వీడన్‌లో ఉండడానికి ఇదే కారణం. వెర్తుమ్నుస్, గ్రంథపాలకుడు ఇప్పుడు మేలరెన్ సరస్సు ఒడ్డున ఉన్న స్కోక్లోస్టర్ కోటలో ఉన్నాయి. ఆ కోటను కట్టించిన రాంగెల్ ప్రాగ్ ముట్టడి నాటి స్వీడన్ సేనానులలో ఒకడు. తరువాతి శతాబ్దాల విమర్శకులు ఇటువంటి చిత్రాలను పిల్లల వినోదంగా తీసిపారేశారు. ఆర్చింబోల్దో పేరు చిత్రకళాచరిత్రలో ఒక మూలకు ఒదిగింది. ఇరవయ్యవ శతాబ్దంలో సర్రియలిస్టు చిత్రకారులు ఒక వస్తువులో మరొక వస్తువును చూసే మార్గాన్ని అన్వేషిస్తూ తమకు పూర్వీకుడిగా ఆయనను గుర్తించారు. 1936లో న్యూయార్క్ ఆధునిక కళా ప్రదర్శనశాల నిర్వహించిన ప్రదర్శనలో సాల్వడార్ డాలీ వంటి వారి చిత్రాల సరసన ఆయనకు చోటు దక్కింది. 1987లో వెనిస్ నగరంలో ఆయన పేరు మీదనే ఒక మహాప్రదర్శన జరిగింది. దేవాలయాల్లో ఆయన భక్తితో గీసిన చిత్రాలను నేడు పండితులు మాత్రమే వెదుక్కుంటున్నారు. కాయగూరల ముఖాలను మాత్రం బడిపిల్లలు సైతం గుర్తుపడుతున్నారు.

1563 నాటి నాలుగు ఋతువులు నేడు ఒక్కచోట లేవు. గ్రీష్మం, శీతకాలం వియన్నాలోని కళా ప్రదర్శనశాలలో ఉన్నాయి. వసంతం స్పెయిన్ రాజధాని మాడ్రిడ్ చేరింది. శరత్తు జాడ తెలియదు. మాక్సిమిలియన్ కోరిక మీద 1573లో సాక్సనీ ప్రభువుకు కానుకగా పంపడానికి ఆర్చింబోల్దో మళ్ళీ గీసిన ఋతువులు పారిస్‌లోని లూవ్ర్‌లో ఉన్నాయి గనుక, ఆ శరత్తు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. చట్రాలు సడలిన ఒక పాత కొయ్య పీపా. దానిలో నుంచి లేచిన ఎర్రబారిన మొగం. బేరిపండు ముక్కు, దానిమ్మకాయ గడ్డం, చెవికి పోగులా వేలాడే అత్తిపండు. తల మీద గుమ్మడికాయ, దాని చుట్టూ మాగిన నల్లద్రాక్ష గుత్తులు.